వీరాస్వామి కంట్లో ఆగిపోయిన కణితి

కంటి డాక్టర్లుగా కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏదైనా సలహా చెప్పమంటారు. పెద్దవాళ్ళ మాట వినండి, ఓపిక పట్టండి అంటానని వాళ్ళ నమ్మకం. నేను చెప్పేది ఒకటే. ఒక జబ్బు ఎందుకు వచ్చిందో తెలియనప్పుడు, "అది మన పని కాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. అన్నది మీ పైఅధికారి అయినా సరే. నేను నమ్మలేదు. అందుకు తిట్లు తిన్నాను, పొగరుబోతు అనిపించుకున్నాను. ఇప్పటికీ ఆ పొగరు తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

నేను పనిచేసింది నూజివీడులో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో. అది ప్రధానంగా శుక్లాల ఆసుపత్రి. మామిడి కోతల రోజుల్లో మాత్రం బెంచీల నిండా వేరే రకం మనుషులు కూర్చునేవాళ్ళు. కాయ తొడిమ తెంచినప్పుడు చిమ్మిన సొన కంట్లో పడ్డవాళ్ళు, కొమ్మ గీసుకున్నవాళ్ళు, చెట్టు మీంచి ఎర్రచీమలు కంట్లో రాలినవాళ్ళు. కన్ను పోయిందంటే తోటలోనే ఏదో జరిగి ఉంటుందని ఆ చుట్టుపక్కల అందరూ అనుకునేవాళ్ళు. డాక్టర్లం మేమూ అలాగే అనుకునేవాళ్ళం.

దీపం ముందు మెరిసే కన్ను

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం ఆగిరిపల్లి వైపు నుంచి నాగమణి అనే అమ్మాయి వచ్చింది. ఆమె, భర్త వీరాస్వామి, అత్త సుబ్బమ్మ ముగ్గురూ కౌలు తోటల్లో కాయకోతకు పోయేవాళ్ళు. నాగమణి చంకలో కూతురు లక్ష్మి ఉంది. అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న పిల్ల.

"పిల్లకి ఏమైందమ్మా?" అన్నాను.

"ఏం కాలేదంటదండి మా అత్త. దీపం పెట్టినప్పుడు ఈ కన్ను పిల్లికన్నులాగా మెరుస్తందండి డాక్టరమ్మగారూ. పిల్లికన్ను ఉంటే అదృష్టమంట. నాకు మాత్రం భయంగా ఉందండి."

టార్చి వేసి చూశాను. కుడికంటి పాప నల్లగా లేదు. లోపల తెల్లటి ముద్ద ఒకటి వెలుగును తిరగ్గొడుతోంది. పిల్లకు మత్తిచ్చి పూర్తిగా పరీక్ష చేశాక సందేహం మిగల్లేదు. కంటి లోపలి పొరలో, అంటే రెటీనాలో, పసిపిల్లలకు వచ్చే క్యాన్సరు. కన్ను సగం నిండిపోయింది. ఎడమకన్ను బాగానే ఉంది.

కన్ను తీసెయ్యాలని చెప్పేసరికి సుబ్బమ్మ వార్డు అదిరిపోయేలా అరిచింది. మనిషి పొట్టిగా, గట్టిగా ఉండేది. తోటలో ఆమె గొంతు విని మేస్త్రీలే తప్పుకునేవాళ్ళట. "ఆడపిల్లకి కన్ను పీకి చేతిలో పెడతారంటే సంతకం పెట్టాలా? ఇది నీ పుట్టింటి దోషమే నాగమణీ. మా వంశంలో లేదు ఇలాంటిది" అంది.

నాగమణి నా వైపు తిరిగింది. "కన్ను తీస్తే పిల్ల బతుకుద్దాండి?"

"ఖాయంగా చెప్పలేనమ్మా. బతికే అవకాశం బాగా ఉంది. తీయకపోతే మాత్రం బతకదు."

"అయితే తీసెయ్యండి" అంది. అంతే. వీరాస్వామి తలొంచుకుని వచ్చి వేలిముద్ర వేశాడు. నేనూ, మా సూపరింటెండెంటు ఆనందరావుగారూ కలిసి ఆపరేషన్ చేశాం. కన్ను వెనక నరంలోకి జబ్బు పాకలేదని తర్వాత మెడికల్ కాలేజీ నుంచి కబురు వచ్చింది. లక్ష్మి బతికింది.

చాలామంది డాక్టర్లకు కేసు అక్కడితో అయిపోతుంది. ఆపరేషన్ బాగా చేశామని చేతులు కడుక్కుంటారు. ఆ అలవాటు మీద నాకు గౌరవం లేదు.

తండ్రిని పిలిచి చూస్తే

వేలిముద్ర వేసినప్పుడే వీరాస్వామి ముఖం సరిగా చూశాను. అతనికీ కుడికన్ను లేదు. రెప్ప లోపలికి పోయి, మూసుకుపోయి ఉంది.

"ఈ కన్నేమైంది?" అని అడిగాను.

"చిన్నప్పుడు మామిడికొమ్మ గుచ్చుకుందంటండి. నాకు గుర్తు లేదు. మా అమ్మ చెప్పుద్ది."

కొమ్మ గుచ్చుకున్న కళ్ళు నేను బోలెడు చూశాను. రెప్ప మీద గాటు ఉంటుంది, లేదా కుంచించుకుపోయిన గుడ్డు లోపల మిగిలి ఉంటుంది. వీరాస్వామికి ఏ గాటూ లేదు. గుడ్డే లేదు. ఎవరో శుభ్రంగా ఆపరేషన్ చేసి తీసిన గుంట అది.

అతని మంచి కంట్లో మందు చుక్కలు వేసి, పాప పెద్దదయ్యాక లోపలికి చూశాను. రెటీనా ఒక మూల బూడిదరంగు మచ్చ ఉంది. దాని మధ్యలో సున్నం గడ్డలాంటి తెల్లటి పలుకులు. చుట్టూ రంగు చెదిరిన వలయం. అది గాయం తాలూకు మచ్చ కాదు. ఒకప్పుడు అక్కడ కణితి మొదలైంది. కొంత పెరిగింది. తర్వాత దానంతట అది ఆగిపోయింది. వీరాస్వామి ఆ కంటితోనే చిటారుకొమ్మన ఉన్న కాయ పండిందో లేదో చెప్పగలుగుతున్నాడు.

 కూతురి కంటిని మింగిన జబ్బే తండ్రి కంట్లోనూ పుట్టింది. ఒకచోట ఎవరూ ఆపలేదు. ఇంకోచోట ఎవరో ఆపారు. మందు వేసినవాళ్ళు లేరు, కత్తి పెట్టినవాళ్ళు లేరు. మరి ఎవరు ఆపారు?

ఆనందరావుగారితో గొడవ

ఆ వారం బస్సెక్కి మెడికల్ కాలేజీ లైబ్రరీకి వెళ్ళాను. అప్పటికే పుస్తకాల్లో ఉన్న సంగతి ఇది. మనిషి ప్రతి కణంలో ఒక్కో జన్యువూ జంటగా ఉంటుంది, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. కణం ఇష్టం వచ్చినట్టు చీలిపోకుండా పట్టి ఉంచే జన్యువు ఒకటి ఉండాలని, ఆ జంటలో రెండూ పాడైతేనే కంట్లో ఈ క్యాన్సరు మొదలవుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఒకటి పాడైనదాన్ని తెచ్చుకుంటారు. అలాంటివాళ్ళకు రెండోది పోవడమే తరువాయి. అలాంటి తల్లికో తండ్రికో పుట్టే ప్రతి బిడ్డకూ ఆ పాడైన జన్యువు వచ్చే అవకాశం సగానికి సగం.

అదే నెలలో నాగమణి మళ్ళీ గర్భవతి అని తెలిసింది.

ఆనందరావుగారు చెడ్డ మనిషి కాదు. ఆయన చేతిలో శుక్లం ఆపరేషన్ చూడటమే ఒక పాఠం. కానీ నేను వీరాస్వామి సంగతి చెప్పగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకు కోపం వచ్చిందనడానికి అది గుర్తు.

"ఎస్తేరమ్మా, మనది కంటి ఆసుపత్రి. యూనివర్సిటీ కాదు. ఆ పిల్లను బతికించావు. చాలు."

"పుట్టబోయే బిడ్డ సంగతేంటండీ?"

"కన్ను మెరిస్తే తీసుకొస్తారు. అప్పుడు చూద్దాం."

"మెరిసేదాకా ఆగితే కన్ను తీయాల్సిందేనండీ. పుట్టగానే చూస్తే కన్ను ఉంచొచ్చు. అది చెప్పాలంటే జబ్బు తండ్రి వైపు నుంచి వచ్చిందని చెప్పాలి."

"చెబితే ఏమవుతుందో ఆలోచించావా? ఇవాళ ఆ అమ్మాయిని తిడుతున్నారు. రేపు వాణ్ణి తిడతారు. ఒంటికన్నువాడికి కోతపని ఇచ్చేదే గొప్ప. రోగిష్ఠి వంశమంటే అది కూడా పోద్ది. తాగుడుకి దిగుతాడు. ఆ సంసారం కూలిపోతే కట్టేది నువ్వా, నేనా?"

ఆయన వాదన తేలికైనది కాదు. అలా కూలిపోయిన సంసారాలు ఆయన చూసే ఉన్నారు. అయినా నాకు ఒక్క విషయం మింగుడుపడలేదు. నిజం చెబితే కుటుంబం నిలబడదేమో అని మనం భయపడుతున్నప్పుడు, అబద్ధం మీద నాగమణి ఒక్కతే ఎలా నిలబడుతుందని ఎవరూ అడగడం లేదు. "ఆ మాట చెప్పే హక్కు నాకు లేకపోయినా, వినే హక్కు వీరాస్వామికి ఉందండీ" అన్నాను. మర్నాడు అతన్ని పిలిపించి, తలుపు మూసి, అతనొక్కడికే చెప్పాను.

మచ్చ బొమ్మ గీసి చూపించాను. ఇందులో ఎవరి తప్పూ లేదని, పాపం చేసినందుకు వచ్చింది కాదని చెప్పాను. అతను బొమ్మ ఉన్న కాగితాన్ని నా వైపే నెట్టేసి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

తోటలో

కొన్నాళ్ళకు నాగమణి అన్న తమ ఊరు రెడ్డిగూడెం నుంచి స్కూటరు మీద హడావిడిగా వచ్చాడు. చెల్లెల్ని పుట్టింటికి పంపేస్తున్నారని, వీరాస్వామికి వేరే సంబంధం చూస్తున్నారని, పెద్దమనుషులు తోటలో కూర్చుంటున్నారని చెప్పాడు. నేను ఔట్‌పేషెంట్లను జూనియరుకు అప్పజెప్పి అతని స్కూటరు వెనక ఎక్కాను.

కాయలు గడ్డిలో సర్ది గంపలకెత్తుతున్నారు. ఒక పక్క లారీ ఆగి ఉంది. పాక ముందు మంచం మీద తోట కౌలుదారు, మరో ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. నాగమణి పాప లక్ష్మిని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది. సుబ్బమ్మ నిలబడి మాట్లాడుతోంది.

నన్ను చూసి కౌలుదారు లేచాడు. "ఏంటండీ డాక్టరమ్మగారూ, ఇలా వచ్చారు?"

"నాగమణి కాన్పు నూజివీడులోనే జరగాలండి. బిడ్డ పుట్టగానే కళ్ళు చూడాలి. రెడ్డిగూడెం పంపినా, ఎక్కడికి పంపినా ఆ సంగతి మరిచిపోవద్దని చెప్పడానికి వచ్చాను." వీరాస్వామి గుట్టు నేను విప్పలేదు. అది నాది కాదు.

సుబ్బమ్మ చెయ్యి ఊపింది. "ఇంకో పిల్ల కన్ను కూడా పీకుతారా? ఆ రోగం దీని కడుపులో ఉంది. మా ఇంటికి అక్కర్లేదు."

అప్పుడు వీరాస్వామి గంప దించి, జనంలోంచి ముందుకొచ్చాడు.

"అమ్మా, నా కన్ను ఎట్టా పోయింది?"

"అదేం మాటరా? కొమ్మ గుచ్చుకుంది. ఊరంతా ఎరుగుదురు."

"ఏ తోటలో?"

సుబ్బమ్మ కొంగు సర్దుకుంది. "ఈదర తోటలో."

"మొన్న మామయ్య చెరువుగట్టు తోట అన్నాడు. నువ్వే చెప్పావంట. ఏ చెట్టమ్మా? బంగినపల్లా, రసాలా? చెట్టు చూపించు. ఎక్కి ఆ కొమ్మ నరికేసి వస్తాను."

 లారీ దగ్గరి కూలీలు కూడా పని ఆపేశారు. సుబ్బమ్మ కొడుకును చూసింది, పెద్దమనుషుల్ని చూసింది.  ఉన్నచోటే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు తీసి కొడుకుతో అంది.

"మెరిసేదిరా. నీ కన్నూ ఇట్టాగే మెరిసేది. ఎవరికీ చెప్పకుండా బెజవాడ తీసుకెళితే దొర డాక్టరు తీసేశాడు. మీ నాయన, వాళ్ళమ్మ కలిసి నన్ను వెళ్ళగొడతారని కొమ్మ గుచ్చుకుందని చెప్పా. ఇంకేం చెయ్యమంటావు నన్ను? నిన్ను ఒళ్ళో పెట్టుకుని ఎక్కడికి పోను?"

నాగమణి ఏడవలేదు. లేచి, లక్ష్మిని సుబ్బమ్మ ఒళ్ళో కూర్చోబెట్టింది. "నిన్నెవరూ వెళ్ళగొట్టరులే అత్తా. నన్నూ వెళ్ళగొట్టొద్దు" అంది.

వీరాస్వామి పెద్దమనుషుల వైపు తిరిగాడు. "రోగం నాదంటండి. నాకు ఇంకో పెళ్ళి చేస్తే ఆ పిల్లకి పుట్టేవాళ్ళకీ వచ్చుద్ది. ఇంక ఎవరన్నా సంబంధం మాట ఎత్తితే ఊరుకోను." అని గంప భుజాన వేసుకుని లారీ దగ్గరికి పోయాడు. కౌలుదారు ఆ తర్వాత కూడా అతనికి పని ఇచ్చాడు. చెట్టెక్కడంలో అతనికి సాటి వచ్చేవాడు లేడు మరి. ఆనందరావుగారు భయపడినట్టు తాగుడుకూ దిగలేదు.

మత్తిచ్చి చూసిన రోజు

మగబిడ్డ పుట్టాడు. బరువుగా, ఎర్రగా ఉన్నాడు. కళ్ళు రెండూ నల్లగా, నిగనిగలాడుతున్నాయి. మత్తిచ్చి కంటి లోపల చూడాలని నేను థియేటరు అడిగాను. ఆనందరావుగారు ఒప్పుకోలేదు.

"ఆరోగ్యంగా ఉన్న పసిగుడ్డుకి మత్తిస్తావా? ఏదైనా అయితే? ఆసుపత్రి తగలబెడతారు."

"మత్తు ఇచ్చేది మీరు పిలిపించే పెద్ద డాక్టరేనండీ, నేను కాదు. పైపైన చూస్తే అంచుల్లో ఉన్నవి కనపడవు."

"నేను వద్దంటున్నాను."

"మీరు నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి. కాకపోతే ఈ పరీక్ష అయ్యాక తీసెయ్యండి."

పరీక్ష రోజున ఆయన తనే మాస్కు కట్టుకుని థియేటర్లోకి వచ్చారు. తప్పు జరిగితే తన మీదే పడాలని వచ్చారని నాకు తర్వాత అర్థమైంది. అందుకే ఆయన్ని నేను ఎంత ఎదిరించినా, ఎవరైనా ఆయన్ని తక్కువ చేసి మాట్లాడితే ఇప్పటికీ సహించను.

తల మీద దీపం పెట్టుకుని, చేతిలో లెన్సుతో చూశాను. కుడికంట్లో ఏమీ లేదు. ఎడమకంట్లో, బాగా పక్కకు, పాలపొంగు చుక్కలాంటిది ఒకటి. దాని పక్కనే ఇంకొకటి, ఇంకా చిన్నది. నేను లేచి, ఆయన్ని చూడమన్నాను. ఆయన వంగి చూసి, నిటారుగా లేచి, గోడ వైపు తిరిగి మాస్కు తీసేశారు.

"మద్రాసుకి ట్రంక్‌కాల్ బుక్ చెయ్యమను. నాతో చదివినవాడున్నాడు. రెటీనా గడ్డకట్టించే మిషను వాడి దగ్గర ఉంది."

బెజవాడ దాటి ఎరగని నాగమణి, వీరాస్వామి పసిబిడ్డతో మద్రాసు రైలెక్కారు. లక్ష్మిని సుబ్బమ్మ దగ్గర వదిలారు. అక్కడ ఆ చుక్కల్ని అతి చల్లటి సూదిమొనతో గడ్డకట్టించి చంపారు. తర్వాత ఏళ్ళ తరబడి ఆ బిడ్డకు మత్తిచ్చి చూస్తూనే ఉన్నాం. మరోసారి ఒక చుక్క లేచింది, దాన్నీ అలాగే చంపేశారు. ఆ బిడ్డ, రాంబాబు, రెండు కళ్ళతో బడికి వెళ్ళాడు.

ఆపింది ఎవరు?

ఆ దశకం చివరికి, కంట్లో ఈ క్యాన్సరు రాకుండా ఆపే ఆ జన్యువు ఏదో పరిశోధకులు పట్టుకున్నారు. ఇంకో కాపలా జన్యువు సంగతీ బయటపడింది. చాలా రకాల క్యాన్సర్లలో అది పాడై కనిపిస్తుంది. ఆ తర్వాతి ఏళ్ళలో తెలిసిందేమిటంటే, ఇవి ఒంటరిగా పనిచెయ్యవు. ఒకదాన్నొకటి గమనిస్తుంటాయి. కంటి జన్యువు పడిపోగానే కణం అదుపు తప్పి చీలడం మొదలెడుతుంది. ఆ అలజడే రెండో కాపలా జన్యువును లేపుతుంది. అది లేచి కణాన్ని ఆగమంటుంది, లేదా చావమంటుంది. మామూలు రోజుల్లో ఈ రెండోది కూడా మొదటిదాన్ని పనిలో నిలబెట్టడానికి సాయపడుతుంది. కాబట్టి క్యాన్సరు గెలవాలంటే ఒక్క కాపలాను పడగొడితే చాలదు, మిగతావాటి చేతులూ కట్టెయ్యాలి. లక్ష్మికి వచ్చిన జబ్బులో చాలాసార్లు జరిగేది అదే. రెండో జన్యువు చెక్కుచెదరకుండానే ఉంటుంది, కానీ దాన్ని కదలనివ్వని పదార్థం కణంలో పెరిగిపోతుంది.

వీరాస్వామి కంట్లో మచ్చలాంటివాటిని తర్వాత కొందరు శ్రద్ధగా పరీక్షించారు. వాటిలో కంటి జన్యువు జంట రెండూ పోయే ఉన్నాయట. అయినా కణాలు చీలడం మానేసి, గాఢనిద్రలోకి పోయాయి. ఆ జన్యువుకు వరసైన మరికొన్ని కాపలా జన్యువులు ముందుకొచ్చి పట్టి ఉంచాయని తేల్చారు. వీరాస్వామి కన్నును ఎవరూ కోసి చూడలేదు కాబట్టి అతని విషయంలో అదే జరిగిందని ప్రమాణం చేసి చెప్పలేను. అదే అయి ఉంటుందని మాత్రం నా నమ్మకం.

ఇప్పుడు రక్తం చుక్క తీసి జన్యువు చూస్తున్నారు. సంతోషం. కానీ ఆ రిపోర్టును కంప్యూటర్లోంచి తీసి కుటుంబం చేతిలో పెట్టి "తర్వాతి పేషెంటు" అనే యువ డాక్టర్లను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కాగితం ఇంటికెళ్ళాక ఎవరి నెత్తిన పడుతుందో మీకు తెలియదా? తెలుసు. తెలిసీ లేచి వెళ్ళిపోతున్నారు. కూర్చోండి. భర్తను పిలవండి, అత్తను పిలవండి. తిట్టించుకోండి. అది కూడా వైద్యమే.

సుబ్బమ్మ మళ్ళీ వచ్చింది

రాంబాబు బడికి వెళ్ళే వయసులో, ఒక సోమవారం ఔట్‌పేషెంటు వరండాలో పెద్ద గొంతు వినపడింది. బయటికి వచ్చి చూస్తే సుబ్బమ్మ. ఆమె వెంట ఎవరో కుర్ర తల్లి, చంకలో బిడ్డ, పక్కన ఆ తల్లి మొగుడు, వాళ్ళ వెనక ముఖం చిట్లించుకున్న ముసలామె.

ఉంగుటూరులో ఒక పెళ్ళికి వెళ్ళిందట సుబ్బమ్మ. అక్కడ పెట్రోమాక్సు లైటు వెలుగులో ఆ బిడ్డ కన్ను మెరవడం చూసింది. అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ ఇంటి వాళ్ళు తిడుతున్నా వదల్లేదు. తెల్లారి మొదటి బస్సుకు అందర్నీ ఎక్కించి తెచ్చింది.

"పిల్లని చూడండి డాక్టరమ్మగారూ. తర్వాత ఈ అబ్బాయినీ చూడండి" అంది.

ముసలామె గింజుకుంది. "మావాడికేం రోగం? వాడి కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మీరంతా కలిసి మా ఇంటి పరువు తీస్తున్నారు."

సుబ్బమ్మ ఆమె పక్కన బెంచీ మీద కూర్చుంది. అరవలేదు. తోటలో మేస్త్రీల్ని తప్పించే ఆ గొంతు తగ్గించి మాట్లాడింది.

"పరువు కోసం నేను నా కొడుక్కి అబద్ధం చెప్పి పెంచా వదినా. నా కోడల్ని ఆ అబద్ధంతోనే కొట్టా. నీకేం తెలుసో నేను అడగను. ఆ డాక్టరమ్మకి చెప్పు చాలు. తెలియకపోతే తెలియదని చెప్పు."

ముసలామె కొడుకు భుజం మీద చెయ్యి వేసి లోపలికి తోసింది. సుబ్బమ్మ ఆ కుర్ర తల్లి చేతిలోంచి బిడ్డను అందుకుని, "నువ్వు ముందు మంచినీళ్ళు తాగమ్మా. ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు" అంది.